మురుగు లెక్కల అప్ప

ఎవరింటికి భోజనానికి పిలిచినా ఆవిడ ముందు పెరట్లోకి వెళ్ళేవారు. ఇంటివాళ్ళు కుర్చీ దులుపుతుండగానే గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, వంటింటి పక్కనుంచి వెనక్కి నడిచి, గిన్నెలు కడిగిన నీళ్ళు ఎటు పోతున్నాయో చూసి వచ్చేవారు. వచ్చాక ఆ సంగతి ఎత్తేవారు కాదు. కూర్చుని, పెట్టింది తిని, పిల్లల చదువులు అడిగి వెళ్ళిపోయేవారు. వైశాలి నగర్‌లో నా పెళ్ళి జరిగినప్పుడు అక్షింతలు వెయ్యకముందే వంటశాల వెనక్కి వెళ్ళి చూసొచ్చారట. ఆ మేడమ్‌కి పెళ్ళికొడుకు కన్నా మురుగు పోయే మోరీ ముఖ్యమని మా అమ్మ చాలా ఏళ్ళు చెప్పుకుంది.

మొన్న సుపేలాలో ఆటో కోసం నిలబడి ఉంటే ఆఫీసులో నాతో పనిచేసిన మిశ్రా ఫోన్ చేశాడు. ఏమీ ఉపోద్ఘాతం లేకుండా హిందీలో, "మీ అప్ప పోయారు" అన్నాడు. రెండు ఆటోలు నా ముందు ఆగి వెళ్ళిపోయాయి. ఎక్కాలన్న ధ్యాస లేకపోయింది.

ఆఫీసులో అందరికీ ఆవిడ మేడమ్. నాకొక్కడికే అప్ప. నగరంలో మురుగునీటి పైపులు చూసుకునే విభాగంలో ఆవిడ లెక్కల అధికారి. ఏ ఇంటికి ఏ షరతు మీద కనెక్షన్ ఇవ్వాలి, నెలకి ఎంత వసూలు చెయ్యాలి, కట్టనివాళ్ళని ఏం చెయ్యాలి, పంప్‌హౌస్ కరెంటు బిల్లుకి డబ్బు ఎక్కణ్ణించి తేవాలి అన్నవన్నీ ఆవిడ బల్ల మీదే తేలేవి. నేను కనెక్షన్లు బిగించే జూనియర్ ఇంజనీర్ని. నా చేతిలో పైపులు, ఆవిడ చేతిలో పైసలు అని మిశ్రా వేళాకోళం చేసేవాడు.

చేరిన కొత్తలో మాది ఖుర్సీపార్ అనీ, తాతగారు టెక్కలి వైపునుంచి ఉక్కు ప్లాంటులో పనికి వచ్చారనీ ఆవిడకి తెలిసింది. ఆవిడ నాన్నగారూ ఆ పక్కవారే. ప్లాంటులోనే, కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. "ఆఫీసు గేటు దాటాక మేడమ్ అనకు. మన వైపు పెద్దదాన్ని అప్ప అంటారు. మర్సిపోనావేటి?" అన్నారు. అప్పటినుంచి గేటు లోపల మేడమ్, బయట అప్ప.

ఆవిడ ఎత్తు తక్కువ మనిషి. నేత చీరలు కట్టేవారు. కోపం వస్తే గొంతు పెంచేవారు కాదు, కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచేవారు. ఎంతసేపు తుడిస్తే అంత కోపమని మాకు లెక్క. నోట్లన్నీ హిందీలో రాసేవారు, మీటింగుల్లో హిందీలోనే మాట్లాడేవారు. కూడికలు మాత్రం పెదవుల మధ్య తెలుగులో చేసుకునేవారు. చదువంతా హిందీలోనే అయింది కదా, మరి అదేంటని ఓసారి అడిగాను. ఎక్కాలు నాన్న నేర్పాడని, అవి వేరే భాషలోకి రావని చెప్పారు.

మా విభాగానికి ఊళ్ళో గౌరవం లేదు. రోడ్లవాళ్ళకి, నీళ్ళవాళ్ళకి ఉన్న పలుకుబడి మాకు లేదు. కొత్తగా వచ్చిన ఒక అధికారి మాది గలీజు డిపార్టుమెంటని నవ్వితే ఆవిడ నవ్వలేదు. గలీజు ఊరిదేననీ, డిపార్టుమెంటు దాన్ని మోస్తోందంతేననీ చెప్పి ఫైలు ముందుకి జరిపారు. నాతో ఒంటరిగా ఉన్నప్పుడు అనేవారు: "తెచ్చుకునే నీళ్ళకి అందరూ యజమానులే. ఒదిలేసే నీళ్ళకి ఎవడూ కాదు. అందుకే మనకి జీతాలు."

తాను ప్లాంటు క్వార్టర్లో పుట్టి పెరిగానని, అక్కడ పైపులు ముందునుంచీ ఉండటంతో నీళ్ళు ఎటు పోతాయో ఉద్యోగంలో చేరేదాకా ఆలోచించలేదని ఆవిడ చెప్పేవారు. టౌన్‌షిప్ దాటితే ఊరు వేరు. ఖుర్సీపార్‌లోని పల్లపు సందుల్లోకి, సుపేలా బజారు వెనక వీధుల్లోకి పెద్ద లైను వచ్చింది చాలా ఆలస్యంగా. లైను వచ్చాక అసలు తంటా మొదలైంది. కనెక్షన్ కోసం అందరూ వచ్చారు. నెలనెలా కట్టాలనేసరికి సగం మంది కనబడకుండా పోయారు.

ఒక వానాకాలం పంప్‌హౌస్ కరెంటు బకాయి పెరిగి సరఫరా ఆపేశారు. పంపులు ఆగాయి. పంపు ఆగితే మురుగు నిలవదు, వెనక్కి నడుస్తుంది, పల్లం ఎక్కడుంటే అక్కడ తేలుతుంది. ఖుర్సీపార్‌లో మా మేనత్త వాళ్ళ సందులో మరుగుదొడ్లలోంచి పొంగి వంటిళ్ళలోకి వచ్చింది. మంచాల మీద పొయ్యిలు పెట్టుకుని వండుకున్నారు. అప్ప ఆ సందులో మోకాలిదాకా చీర ఎత్తి పట్టుకుని నడిచారు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోలేదు. మా మేనత్త గడప మీద నిలబడి, "మేం నెల తప్పకుండా కట్టినాం తల్లీ. కట్టనోళ్ళ ఇళ్ళు మెరక మీదున్నాయి. మరి ఇదేటి న్యాయం?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఆవిడలో నాటుకుపోయింది. ఎన్ని నోటీసులిచ్చినా కట్టకపోతే ఆ ఇంటి మురుగు బయటికి వచ్చే చోట సిమెంటు పెట్టి మూసెయ్యాలని ఒక రూలు తయారుచేశారు. ఆవిడే రాశారు, ఆవిడే కార్పొరేటర్ల సభలో వాదించారు, ఆవిడే ఒప్పించారు. కట్టేవాడి డబ్బుతో కట్టనివాడి మురుగు మోస్తున్నామని, పంపు ఆగితే మునిగేది కట్టేవాడేనని ఆవిడ వాదన. నాకూ అది న్యాయమే అనిపించింది.

రూలు పనిచేసింది. పది ఇళ్ళు మూస్తే వంద ఇళ్ళవాళ్ళు పరుగెత్తుకొచ్చి కట్టారు. పంప్‌హౌస్ బకాయి తీరింది. ఆ తర్వాతి వానాకాలం మా మేనత్త సందులో చుక్క పొంగలేదు. ఆ రోజుల్లో అప్ప ముఖంలో ఒక నిమ్మళం ఉండేది. మధ్యాహ్నం పూట తన డబ్బాలోని చింతకాయ పచ్చడి మిశ్రాకి కూడా పెట్టేవారు.

ఖుర్సీపార్‌లోనే, మా ఇంటికి కాస్త దూరంలో, రేకుల కప్పుతో ఒక వరస ఇళ్ళు ఉండేవి. యజమాని రాయపూర్‌లో ఉండేవాడు. అద్దెకున్నవాళ్ళు ప్లాంటులో కాంట్రాక్టు పనివాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. అద్దెతో పాటే అన్నీ కలిపి వాళ్ళు యజమానికి ఇచ్చేవారు. అతను మా విభాగానికి కట్టేవాడు కాదు. నోటీసులు అతని పేరు మీద వెళ్ళాయి. అతను పట్టించుకోలేదు. చివరి నోటీసు గోడకి అంటించి, గడువు తీరాక మావాళ్ళు వెళ్ళి మూసేశారు. అప్ప సంతకం చేసిన చాలా కాగితాల్లో అదొకటి.

ఆ ఇళ్ళ వెనక, లైను రాకముందు వాడిన పాత సెప్టిక్ ట్యాంకు ఉంది. పైన బండలు పరిచి వదిలేశారు. దారి మూసుకుపోయి మరుగుదొడ్లు నిండిపోతుంటే, అద్దెవాళ్ళంతా ఆలోచించుకుని పైపుని మళ్ళీ ఆ పాత ట్యాంకులోకి తిప్పుదామనుకున్నారు. బండ తీశారు. లోపల గొట్టం మూతి బురదతో పూడుకుపోయి ఉంది. విజయనగరం వైపునుంచి వచ్చిన ఒకాయన, ప్లాంటులో కాంట్రాక్టు కూలీ, అది తీస్తానని లోపలికి దిగాడు. పట్టపగలు, ఆదివారం, చుట్టూ మనుషులు ఉండగానే. దిగినవాడు లోపలి విషవాయువుకి ఊపిరాడక కిందికి వాలిపోయాడు. ఇంకొకతను దిగబోతే ఆడవాళ్ళు కాళ్ళు పట్టుకుని ఆపారు. లేకపోతే ఇద్దరు పోయేవారు.

మర్నాడు ఆఫీసులో ఆవిడకి ఆ కబురు చెప్పింది నేనే. కళ్ళజోడు తీశారు. తుడవలేదు. చేత్తో పట్టుకుని కూర్చున్నారు. జోడు మళ్ళీ పెట్టుకుని, "వాళ్ళింటికెల్దాం, పద" అన్నారు. ఇప్పుడే వెళ్తే జనం ఏమంటారోనని, పెద్ద సార్‌కి చెప్పి వెళ్దామని అన్నాను. ఆవిడ అప్పటికే మెట్లు దిగుతున్నారు.

ఆ ఇంట్లో జనం ఉన్నారు. పోయినాయన భార్య గోడకి ఆనుకుని కూర్చుంది. ముప్పై నిండి ఉండవు. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన ముఖం. అప్ప కింద, మట్టి మీదే కూర్చుని తానెవరో చెప్పారు. దాచలేదు. మోరీ మూయించే కాగితం మీద సంతకం తనదేనని చెప్పారు. అక్కడున్న మగవాళ్ళలో ఒకడు లేవబోయాడు. ఆమె చెయ్యెత్తి అతన్ని ఆపింది. అప్ప వైపు చూస్తూ, ఏ కోపమూ లేని గొంతుతో అడిగింది.

"నాకు సదువు నేదమ్మా. గోడకి కాయితం అంటిత్తే ఏటని అడిగినాను. ఇది మీకు కాదు, ఓనరుకి అన్నారు. మాకు కాదు కదాని ఊరుకున్నాం. మాకు కానప్పుడు మా మోరీ ఎందుకు మూసినారు?"

  ఏ మీటింగులోనూ, ఏ కార్పొరేటర్ ముందూ జవాబు తడుముకోని మనిషి అప్ప. ఆమె జవాబు కోసం చాలాసేపు చూసింది. తర్వాత ముఖం గోడ వైపు తిప్పుకుంది. మేం లేచి వచ్చేశాం.

విచారణ జరిగింది. పాత ట్యాంకు తెరవడం అద్దెవాళ్ళ తప్పనీ, డబ్బు కట్టకపోవడం యజమాని తప్పనీ, విభాగం రూలు ప్రకారమే నడుచుకుందనీ తేల్చారు. విచారణ చేసిన అధికారి మంచివాడే. మీ మీద మచ్చ లేదు మేడమ్, నిశ్చింతగా ఉండండి అన్నాడు. ఆవిడ లేచి నిలబడి హిందీలో చెప్పిన మాటకి తెలుగు ఇది: "రూలు పాటించారు, నిజమే సార్. కానీ ఆ రూలు రాసింది నేను. ఇంట్లో ఉండేది ఒకడు, కట్టాల్సింది ఇంకొకడు అయితే ఏం చెయ్యాలన్నది అందులో లేదు. నాకు తట్టలేదు. తట్టాల్సింది." దాన్ని రికార్డులో రాయమన్నారు. ఆయన రాయలేదు.

మనుషులు కాపురమున్న ఇళ్ళకి పెట్టిన సిమెంటంతా ఆ వారంలోనే తీయించారు. వసూళ్ళు పడిపోతాయి మేడమ్ అని మిశ్రా భయపడ్డాడు. పడతాయి అన్నారు, అంతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ మనిషి చావుతో ఊళ్ళో గొడవ రేగింది. ఖుర్సీపార్ జనం ఊరేగింపుగా వచ్చారు. మురుగు కనెక్షన్ల ఖర్చు, నెలవారీ రుసుము అందరికీ మాఫీ చెయ్యాలని అడిగారు. పై నుంచి కూడా, ఇచ్చెయ్యండి, గొడవ చల్లారుతుంది అన్నారు. ఆవిడ మెత్తబడిపోయారు, ఒప్పేసుకుంటారని నేననుకున్నాను. గేటు దగ్గరికి వచ్చి, తెలుగువాళ్ళే ఎక్కువ ఉన్న ఆ గుంపుతో తెలుగులోనే మాట్లాడారు.

"మీరు తిట్టండి, పడతాను. తప్పు నాదే. కానీ ఉచితం మాత్రం అడక్కండి. ఉచితం అంటే కొన్నాళ్ళకి పంపు ఆగడం. పంపు ఆగితే ముందు ఎవరింట్లోకి వస్తాది? పల్లంలో ఉన్నోళ్ళ ఇంట్లోకే కదేటి?"

ఎవరో మట్టిపెళ్ళ విసిరారు. భుజానికి తగిలింది. దులుపుకోలేదు. గుంపులో మా మేనత్త ఉంది. ఆవిడ చెప్పేది నిజమేరా, మా ఇంట్లోకే వచ్చింది అని పక్కవాళ్ళతో అంది. గుంపు వెంటనే కదలలేదు గాని, మరో పెళ్ళ పడలేదు.

ఆ తర్వాత నెలల తరబడి ఆవిడ కొత్త రూలు మీద కూర్చున్నారు. పెదవుల మధ్య తెలుగు అంకెలు ఎప్పుడూ నడుస్తుండేవి. మనుషులుండే ఇంటి మురుగు ఏ కారణానా మూయకూడదు. బకాయి మనిషి మీద కాదు, ఆస్తి మీద ఉండాలి. యజమాని అది తీర్చేదాకా ఇల్లు అమ్మడానికి గానీ, పైన ఇంకో అంతస్తు వెయ్యడానికి గానీ మా విభాగం ఒప్పుకోలు ఇవ్వదు. అద్దెకున్నవాళ్ళు పట్టా లేకపోయినా, పక్కింటివాళ్ళ సాక్ష్యంతో తమ పేర కనెక్షన్ తీసుకుని, మొదటి ఖర్చు కొంచెం కొంచెంగా కట్టుకోవచ్చు. ఇవన్నీ చేస్తే వచ్చే లోటు ఎవరు భరించాలి? హోటళ్ళు, లాడ్జీలు, కల్యాణ మండపాలు అప్పటిదాకా ఒక చిన్న ఇల్లు కట్టినంతే కట్టేవి. ఇక మీద ఎంత నీళ్ళు వదిలితే అంత కట్టాలి.

ఈ చివరి మాటే ఆవిడకి చుట్టుకుంది. సుపేలాలో ఒక లాడ్జీ యజమాని ఆఫీసుకొచ్చి, ఎవరో కూలీ గోతిలో పడి చస్తే మా మీద పన్నా అని అరిచాడు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. అతను అరిచినంతసేపూ తుడుస్తూనే ఉన్నారు. అరుపు అయిపోయాక జోడు పెట్టుకుని, అతని లాడ్జీలో గదులెన్నో, స్నానాల గదులెన్నో అడిగి రాసుకున్నారు.

కొత్త రూలు బొటాబొటీ ఓట్లతో గట్టెక్కింది. గట్టెక్కిన కొద్దిరోజులకే ఆవిడని పార్కులు, వీధిదీపాలు చూసే విభాగానికి మార్చారు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆవిడ అడగలేదు. బల్ల సొరుగు ఖాళీ చేస్తుంటే నేను వెళ్ళి నిలబడ్డాను. ఈ వానాకాలం జాగ్రత్త, కరెంటు బిల్లు మిగతా అన్నిటికన్నా ముందు కట్టించమని మాత్రం చెప్పారు. నిజంగానే ఆ వానాకాలం గండం గడిచినట్టు గడిచింది. పెద్ద హోటళ్ళ డబ్బు ఆలస్యంగా వచ్చింది. పంపులు మాత్రం ఆగలేదు.

వాన తగ్గాక, ఆ రేకుల ఇళ్ళ వరసకి అద్దెవాళ్ళ పేర్ల మీదే కనెక్షన్లు ఇచ్చే పని నాకు పడింది. ఖుర్సీపార్‌లో కొత్త రూలు ప్రకారం ఇచ్చిన మొదటి కనెక్షన్లు అవే. ముందురోజు పార్కుల ఆఫీసుకి వెళ్ళి, రేపు మీరూ రావాలి అప్పా అన్నాను. గేటు లోపలే అప్పా అన్నాను, ఆవిడ సరిదిద్దలేదు.

"నాను రాను" అన్నారు. ఆవిడ నోట ఆ యాస అంత స్పష్టంగా అంతకుముందు వినలేదు. "నానొస్తే వాళ్ళు నాకు దండం పెట్టాల. పెట్టకపోతే మర్యాద కాదనుకుంటారు. అది వాళ్ళ చేత చేయించకూడదు."

నేనే వెళ్ళాను. పాత ట్యాంకుని మట్టితో పూడ్పించాం. కొత్త పైపు వేసి పెద్ద లైనుకి కలిపాం. అన్నిటికన్నా చివర, ట్యాంకులో పోయినాయన ఇంటి కనెక్షన్. ఆయన భార్య బకెట్టుతో నీళ్ళు తెచ్చి పోసింది. బయట చాంబర్ మూత తీసి నేను చూస్తున్నాను. నీళ్ళు వచ్చి, సుడి తిరిగి వెళ్ళిపోయాయి. ఆమె కూడా వచ్చి నా పక్కన నిలబడి చూసింది.

"ఆ మేడమ్ రానేదా?" అని అడిగింది.

రాలేదని చెప్పాను. ఎందుకో చెప్పబోయాను గాని, ఆమె కారణం అడగలేదు. ఖాళీ బకెట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"రాకపోడమే మంచిది బాబూ. మంచి మనిషేనంట, అందరూ అంటన్నారు. అయ్యుంటాది. నాను మాత్రం ఆవిడ మొకం సూడనేను."

ఆ మాట అప్పకి చెప్పాలా వద్దా అని కొన్నాళ్ళు తర్జనభర్జన పడ్డాను. ఇంట్లో అడిగితే, చెప్పకు, పాపం ముసలితనం దగ్గర పడుతోంది అన్నారు. చివరికి చెప్పేశాను. ఆవిడకి మెత్తటి అబద్ధాలు నచ్చవని నాకు తెలుసు. ఆ రోజు ఆవిడ ఒక పార్కులో కొత్తగా వేసిన దీపాలు చూస్తూ నడుస్తున్నారు. ఆగి, మొత్తం విన్నారు. ఆమె అన్న మాటలు అన్నట్టే చెప్పమన్నారు. చెప్పాను.

ఆవిడ ముఖంలో నేను భయపడ్డది ఏదీ కనబడలేదు. అందరూ చాలా కాలంగా తప్పుగా చెబుతూ వచ్చిన ఒక లెక్కని చివరికి ఒకరు సరిగ్గా చెప్పినట్టు, మెల్లగా తల ఊపారు.

"నాయమే" అన్నారు.

మళ్ళీ నడక మొదలుపెట్టారు. నాలుగు అడుగులు వేశాక, వెనక్కి తిరగకుండానే, "లైనుకి వాలు సరిపోయిందా? ఎక్కడా నిలవట్లేదు కదా?" అని అడిగారు.

నిలవట్లేదప్పా, బాగా లాగుతోంది అని చెప్పాను.